ఊపిరి కూడా అమానతే

అల్లాహ్ ప్రసాదించిన అనుగ్రహాలను లెక్కపెట్టబోతే అవి లెక్కకు అందవని దివ్య ఖుర్ఆన్‌లోని నహల్ సూరా (16:18) తెలియజేస్తున్నది. ఆ అనుగ్రహాలలో మనం బొత్తిగా మరచిపోయినది ఊపిరి. అన్నం తిన్న తరువాత అల్‌హమ్దులిల్లాహ్ అంటాము, నీళ్లు తాగి అంటాము, తుమ్మినప్పుడు కూడా అంటాము. గుండె నిండా గాలి పీల్చి ఆ మాట అనేవారు మనలో ఎంతమంది? 2021 వేసవిలో కరోనా రెండవసారి విరుచుకుపడినప్పుడు ఆక్సిజన్ సిలిండరు కోసం ఇంటింటా పడిన తపన చాలా కుటుంబాలకు ఇంకా గుర్తుండే ఉంటుంది. అప్పుడు వెల కట్టలేనిదిగా తోచిన ఆ ఊపిరిని మన పిల్లలు ఇప్పుడు డబ్బు పెట్టి మరీ చెరుపుకుంటున్నారు. ఈ నెల మేము మాట్లాడదలచింది ఆ విషయమే.

హైదరాబాదులో తార్నాక అంటే చదువుల పేట. ఒక పక్క ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానాతో 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఆ చుట్టుపక్కలే ఇఫ్లూ, జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ. జిల్లాల నుండి వచ్చిన అబ్బాయిలు హాస్టళ్లలోనో, నలుగురైదుగురు కలిసి తీసుకున్న అద్దె గదులలోనో ఉంటారు. కొందరికి ఇంకా పదహారు, పదిహేడేళ్లే. అమ్మ కంటికి దూరంగా ఉండటం వారికి అదే మొదటిసారి. సాయంత్రం చాయ్ దగ్గర ఎవరో ఒక సిగరెట్టు అందిస్తారు. వద్దంటే పల్లెటూరివాడంటారు. ఆ ఒక్క మాటకు జడిసి మొదలుపెట్టినవాళ్లే ఎక్కువమంది. విద్యార్థుల దర్స్ కోసం ఆ ప్రాంతానికి వెళ్లి వస్తుండటం వలన వారి నోటనే మేము ఈ సంగతి విన్నాము.

కాని ఈ వ్యసనం కాలేజీలోనే మొదలవుతుందనుకుంటే పొరపాటు. 2019లో మన దేశంలో 13 నుండి 15 ఏళ్ల బడిపిల్లలపై జరిగిన ప్రపంచ యువజన పొగాకు సర్వేలో నూటికి 8.5 మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్లు తేలింది. వారిలో సిగరెట్టు అలవాటైనవారిలో నూటికి 38 మంది, బీడీ అలవాటైనవారిలో 47 మంది, నమిలే పొగాకు అలవాటైనవారిలో 52 మంది పదేళ్లు నిండకముందే దాని రుచి చూశారట. పిల్లలకు ఏడేళ్లకు నమాజు చేయమని చెప్పాలని, పదేళ్లకు ఆ విషయంలో కఠినంగా ఉండాలని దైవప్రవక్త (స) మనకు నేర్పారు. ఈ హదీసు అబూ దావూద్‌లో ఉన్నది. మనం నమాజు నేర్పవలసిన ఆ మూడేళ్లలోనే బజారు మన పిల్లల దగ్గరకు వచ్చి తన పాఠం చెప్పి పోతున్నది.

దర్స్ ముగిసిన తరువాత ఒక విద్యార్థి మమ్మల్ని నిలదీసినట్లుగానే అడిగాడు. “మౌలానా సాబ్, మద్యం హరామ్ అని ఖుర్ఆన్‌లో ఉంది. సిగరెట్టు హరామ్ అని ఎక్కడుంది?” మంచి ప్రశ్న. కసురుకుంటే పోయేది కాదు, సమాధానం చెప్పవలసిన ప్రశ్న.

పొగాకు అరబ్బు దేశాల మొక్క కాదు, హిందుస్తాన్ మొక్క కూడా కాదు. అది అమెరికా ఖండం నుండి పోర్చుగీసు వారి ఓడలలో మన తీరానికి చేరింది. ఉస్మానియా ప్రాంగణంలోనే ‘దాయిరతుల్ మఆరిఫ్’ అనే సంస్థ ఉన్నది. 1888లో స్థాపితమై, ప్రాచీన అరబ్బీ రాతప్రతులను పరిష్కరించి అచ్చువేసిన ఆ సంస్థ పేరు మదరసాలలో చదివిన ప్రతివారికీ తెలుసు. హకీమ్ అబూ బక్ర్ రాజీ వైద్య గ్రంథం ‘అల్‌హావీ’ని 1955 నుండి సంపుటాలుగా ప్రచురించింది వారే. వందల మూలికల గుణదోషాలు రాసిన ఆ మహా వైద్యుని గ్రంథంలో పొగాకు కనిపించదు. ఆయన మరణించిన ఐదున్నర శతాబ్దాల తరువాత గాని పాత ప్రపంచానికి ఆ ఆకు తెలియలేదు మరి. అటువంటప్పుడు అది పేరుతో సహా ఖుర్ఆన్‌లో ఎందుకు లేదని అడగటంలో అర్థం లేదు. గంజాయి పేరు లేదు, హెరాయిన్ పేరు లేదు. ఖుర్ఆన్ వస్తువుల జాబితా ఇచ్చి ఊరుకోలేదు, కొలబద్దలు ఇచ్చింది.

ఇక్కడొక చరిత్ర ముచ్చట. మొగలు దర్బారుకు పొగాకు చేరింది మన దక్కను నుండే. అక్బర్ చివరి రోజులలో అసద్ బేగ్ అనే ఉద్యోగి బీజాపూరులో దానిని చూసి, ముచ్చటపడి, నగిషీ హుక్కాతో సహా తీసుకుపోయి పాదుషాకు సమర్పించాడు. దర్బారు హకీమ్ అడ్డుపడ్డాడు. మన వైద్య గ్రంథాలలో లేనిది, ఎవరూ పరీక్షించనిది పాదుషాకు ఎలా ఇస్తామన్నాడు. ఆ హకీమ్ మాట ఎవరూ వినలేదు. తరువాత 1617లో జహంగీర్ దానిని నిషేధిస్తూ ఆజ్ఞ ఇచ్చాడు గాని అప్పటికే అలవాటు చేయి దాటిపోయింది.

ధర్మపండితుల మధ్య అప్పటినుండే భిన్నాభిప్రాయం ఉన్నది. దానిని దాచవలసిన అవసరం లేదు. డమాస్కస్‌కు చెందిన షేఖ్ అబ్దుల్ గనీ నాబుల్సీ ధూమపానం ధర్మసమ్మతమేనని ఒక గ్రంథమే రాశారు. హనఫీ ఫిఖహ్‌లో పేరెన్నికగన్న అల్లామా ఇబ్నె ఆబిదీన్ కూడా దానిపై విస్తారంగా చర్చించారు. మన హిందుస్తాన్ ఉలమాలలో చాలామంది దానిని మక్రూహ్ అన్నారు. అయితే ఆనాడు అనుమతించినవారి వాదానికి పునాది ఒక్కటే. దాని హాని రుజువు కాలేదు, కనుక నిషేధించలేమన్నారు. హాని చేస్తుందని తేలితే హరామే అవుతుందనే సూత్రాన్ని వారు కాదనలేదు. 1950లో బ్రిటన్‌లో డాల్, హిల్ అనే శాస్త్రజ్ఞులు ఊపిరితిత్తుల క్యాన్సరుకూ సిగరెట్టుకూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టారు. 1964లో అమెరికా ప్రభుత్వ నివేదిక దానిని బలపరచింది. నేడు ప్రపంచంలో ఏటా 70 లక్షలకు పైగా ప్రాణాలు పొగాకు వల్ల పోతున్నాయి. వారిలో 10 లక్షలకు పైగా స్వయంగా పొగ తాగనివారు, పక్కవారి పొగ పీల్చినవారు. హాని రుజువు కాలేదనే పునాది ఇక ఎక్కడున్నది?

మీ చేతులారా మిమ్మల్ని మీరు వినాశంలో పడవేసుకోవద్దని బఖరా సూరా (2:195) హెచ్చరిస్తున్నది. మిమ్మల్ని మీరు చంపుకోవద్దని నిసా సూరా (4:29) ఆదేశిస్తున్నది. దైవప్రవక్త (స) పరిశుద్ధమైన వాటిని ధర్మసమ్మతం చేసి, చెడ్డవాటిని నిషేధిస్తారని ఆరాఫ్ సూరా (7:157) వర్ణిస్తున్నది. దుబారా చేసేవారిని షైతాను సోదరులుగా బనీ ఇస్రాయీల్ సూరా (17:27) పేర్కొన్నది. ఈ వెలుగులో మలేషియా ఫత్వా మండలి 1995లో ధూమపానాన్ని హరామ్‌గా ప్రకటించింది. ఇండోనేషియా ఉలమా మండలి 2009లో ఇచ్చిన తీర్పు ఇంకా గమనించదగ్గది. పెద్దల విషయంలో హరామా, మక్రూహా అన్నదానిపై సభ్యుల మధ్య ఏకాభిప్రాయం కుదరలేదు. కాని పిల్లలకు, గర్భిణులకు, నలుగురు తిరిగే చోట తాగేవారికి అది హరామేనని అందరూ ఒప్పుకున్నారు. మా అభిప్రాయం అడిగితే, నేటి పరిజ్ఞానం తరువాత పెద్దలకు కూడా దానిని హరామ్ కాదనటానికి మాకు ధైర్యం చాలదు. టీనేజీ పిల్లవాడి విషయంలో చర్చకే చోటు లేదు. ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా మెదడు ఎదుగుతూనే ఉంటుంది. నికోటిన్ కొన్ని సెకన్లలోనే ఆ లేత మెదడును చేరి దానిని తనకు తగినట్లు మలచుకుంటుంది. నలభై ఏళ్లవాడు పట్టుబడిన దానికన్నా పదహారేళ్లవాడు త్వరగా పట్టుబడటానికి కారణం అదే.

ఇక విశ్వవిద్యాలయాలలో, కాలేజీలలో పొగ తాగరాదనే నిబంధన గురించి. ఇది మన స్వేచ్ఛ మీద పెత్తనమని విసుక్కునే యువకులున్నారు. వారికి మేము ఉల్లి, వెల్లుల్లి హదీసులను గుర్తుచేస్తాము. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిన్నవాడు మస్జిదుకు దూరంగా ఉండాలని, మనుషులకు ఇబ్బంది కలిగించే వాసన దైవదూతలకు కూడా ఇబ్బంది కలిగిస్తుందని దైవప్రవక్త (స) చెప్పినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. హజ్రత్ ఉమర్ (రజి) ఒక జుమా ప్రసంగంలో ఇంకొక సంగతి చెప్పారు. ఎవరి నుండైనా ఆ వాసన వస్తే అతణ్ణి మస్జిదు నుండి బఖీ వైపు బయటకు పంపించమని దైవప్రవక్త (స) ఆదేశించటం తాను చూశానన్నారు. తినదలచినవారు బాగా ఉడికించి వాసన పోగొట్టుకుని తినాలన్నారు.

ఆలోచించండి. ఉల్లి హలాల్. అందులో పోషణ ఉన్నది, రోగం లేదు. అయినా పక్కవాడికి ఇబ్బంది అనే ఒక్క కారణంతో దానిని తిన్నవాడిని సామూహిక స్థలం నుండి బయటకు పంపారు. మరి పక్కవాడికి వాసనతో పాటు విషాన్ని కూడా ఇచ్చే వస్తువు సంగతేమిటి? సిగరెట్టు పొగలో 7000కు పైగా రసాయనాలున్నాయి. వాటిలో సుమారు 70 క్యాన్సరు కలిగించేవి. గదిలో ఒకడు వెలిగిస్తే మిగిలిన ముగ్గురూ అడగకుండానే తాగుతారు. హాని చేయకూడదు, హానికి ప్రతిగానూ హాని చేయకూడదన్న ప్రవక్త (స) సూత్రం ఇబ్నె మాజాలో ఉన్నది, ఫిఖహ్‌లో సగం అధ్యాయాలు దాని మీదనే నిలిచాయి. పొగ లేని ప్రాంగణం అనే నియమాన్ని ముస్లిం విద్యార్థి అందరికన్నా ముందు గుర్తుపట్టాలి. అది అతని ఇంటి సొత్తు.

దేశంలోని చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం విద్యాసంస్థలతో సహా బహిరంగ ప్రదేశాలలో పొగ తాగటాన్ని నిషేధించింది. 2008 అక్టోబరు 2 నుండి కొత్త నిబంధనలు అమలులోకి వచ్చాయి. ఉల్లంఘిస్తే 200 రూపాయల వరకు జరిమానా. 18 ఏళ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదు. విద్యాసంస్థకు 100 గజాల లోపల అసలే అమ్మరాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లలకు పొగాకు ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. 2019లో ఈ-సిగరెట్లను దేశమంతటా నిషేధించారు. అది ఒట్టి ఆవిరేనని పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటున్నారు, అందులోనూ నికోటినే ఉంటుంది. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ హుక్కా కేంద్రాలను నిషేధిస్తూ చట్టసవరణ చేసింది.

అయితే 2003 చట్టం బహిరంగ ప్రదేశమనే మాటను నిర్వచిస్తూ ఆరుబయటి స్థలాన్ని మినహాయించింది. కుర్రవాళ్లు దీనిని ఎవరూ నేర్పకుండానే కనిపెట్టారు. గేటు దాటి నాలుగడుగులు వేసి వెలిగిస్తారు. పోలీసు లేడు, వార్డెను లేడు. కాని ఇన్‌ఫితార్ సూరా (82:10-12)లో చెప్పబడిన ఆ గౌరవనీయులైన లేఖకులు గేటు దగ్గర ఆగిపోతారా? పైగా హాస్టలులో చేరేటప్పుడు నిబంధనలు పాటిస్తానని కాగితం మీద సంతకం పెట్టి ఉంటారు. ఒప్పందాలను నెరవేర్చమని మాయిదా సూరా మొదటి వాక్యమే విశ్వాసులను ఆదేశిస్తున్నది. గదిలో కిటికీ మూసి తాగేవాడు ఆ సంతకాన్ని కాలుస్తున్నాడు.

ఇప్పుడు తండ్రులతో ఒక మాట. దుకాణానికి పరుగెత్తి సిగరెట్టు పట్టుకురమ్మని ఎనిమిదేళ్ల కొడుకు చేతిలో డబ్బులు పెట్టే తండ్రులు మనలో లేరా? చిల్లర మిగిలితే చాక్లెట్ కొనుక్కోమంటారు కూడా. ఆ పిల్లవాడు జీవితంలో మొదటిసారి సిగరెట్టు పట్టుకున్నది మీ ఆజ్ఞ మీద. దాని వాసన అతని ముక్కుకు నాన్న వాసన. పదహారేళ్లకు తార్నాకలో స్నేహితుడు అందించినప్పుడు అది అతనికి పరాయి వస్తువుగా ఎందుకు తోస్తుంది? ప్రతివారూ కాపరులే, తన మందను గురించి ప్రతివారినీ ప్రశ్నించటం జరుగుతుందని బుఖారీ, ముస్లింలలో ఉన్న హదీసు నికాహ్ ప్రసంగాలలో వింటూనే ఉంటాము.

షాదీలలో జర్దా పాన్ పళ్లెం పిల్లల ముందే తిప్పటం, “ఇది సాదా, ఇందులో జర్దా లేదులే” అని పాన్ మసాలా పొట్లం చేతికివ్వటం కూడా ఈ కోవలోనివే. ఒట్టి వక్క కూడా క్యాన్సరు కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం తేల్చింది. వక్క ఏళ్ల తరబడి నమిలినవారికి దవడ లోపలి కండ గట్టిపడి నోరు తెరుచుకోదు. రెండు వేళ్లు కూడా దూరవు. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆస్పత్రికి ఎవరినైనా పరామర్శించటానికి వెళ్లినప్పుడు నోటి క్యాన్సరు రోగుల పక్కన కాసేపు కూర్చుని రండి. ఖుర్ఆన్ పఠించిన నోళ్లు కూడా అక్కడ ఉంటాయి.

మన హైదరాబాదుకు ఈ వ్యాపారంతో ఉన్న బంధం పాతది. 1930లో వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ ఇక్కడే ఏర్పడింది. తార్నాకకు కొద్ది మైళ్ల దూరంలో ఆజమాబాదులో దాని కార్ఖానా. నాలుగు మీనార్ల ఆ కట్టడం పేరు సిగరెట్టు పెట్టె మీద దేశమంతా తిరిగింది. పై అంతస్తులో మస్జిదు ఉన్న కట్టడమది. మాకు ఆ సంగతి ఎప్పుడు తలచుకున్నా మనసు చివుక్కుమంటుంది.

బీడీల విషయం వేరు, బరువైనది. నిజామాబాదు, జగిత్యాల, కామారెడ్డి ప్రాంతాలలో ఎన్నో ముస్లిం ఇళ్లలో పొయ్యి వెలిగేది తునికాకు చుట్టే తల్లుల వేళ్ల మీద. వారిలో వితంతువులున్నారు, ఆడపిల్లల పెళ్లిళ్ల కోసం చాట ముందు నుండి లేవనివారున్నారు. వారిని నిందించటానికి మాకు నోరు రాదు. మరో దారి చూపకుండా ఫత్వా మాత్రమే చూపితే అది వారి ముద్దను లాక్కోవటమే. జకాత్ నిధులున్న బైతుల్ మాల్ కమిటీలు కుట్టు యంత్రమో, చిన్న దుకాణమో ఇచ్చి ఒక్కొక్క ఇంటినీ ఆ పని నుండి బయటకు తేవచ్చు. అంతదాకా పొగాకు చాటను పసిపిల్లల ఉయ్యాల దగ్గర నుండి జరపండి, చుట్టేటప్పుడు కిటికీలు తెరవండి, ఆడపిల్లలను బడి మాన్పించి ఆ చాట ముందు కూర్చోబెట్టకండి.

మళ్లీ కుర్రవాళ్ల దగ్గరకు వద్దాం. సిగరెట్టు ఊపిరితిత్తులను పాడుచేయటానికి ఏళ్లు పడుతుంది. నాలుకను మొదటి రోజే పాడుచేస్తుంది. లవంగం నమిలి ఇంటికి రావటం, పక్కవాడు తాగితే నా చొక్కాకు వాసన పట్టిందనటం, పుస్తకాలకని డబ్బు అడగటం. రోజుకు మూడు, ఒక్కొక్కటి ఇరవై రూపాయలనుకున్నా నెలకు 1800 రూపాయలు. ఊళ్లో ఆటో నడిపే తండ్రికి అవి ఎన్ని గంటల కష్టమో కొడుకుకు తెలియనిది కాదు. తీర్పుదినాన మనిషి పాదాలు కదలకముందే కొన్ని ప్రశ్నలు అడగబడతాయని తిర్మిజీలో ఉన్నది. హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) ఉల్లేఖనంలో యవ్వనాన్ని దేనిలో గడిపావన్న ప్రశ్న ఉన్నది. హజ్రత్ అబూ బర్జా (రజి) ఉల్లేఖనంలో శరీరాన్ని దేనిలో అరగదీశావన్న ప్రశ్న ఉన్నది. రెండింటిలోనూ ధనాన్ని దేనికి ఖర్చు చేశావన్న ప్రశ్న ఉన్నది. ఈ ఒక్క అలవాటు ఆ మూడింటికీ అడ్డం వస్తుంది.

స్నేహం గురించి దైవప్రవక్త (స) ఇచ్చిన ఉపమానం చూడండి. మంచి స్నేహితుడు అత్తరు అమ్మేవాడి వంటివాడు, చెడ్డ స్నేహితుడు కొలిమి తిత్తి ఊదేవాడి వంటివాడు. వాడి నిప్పురవ్వ బట్టలనైనా కాలుస్తుంది, లేదా దుర్గంధమైనా అంటుతుంది. పొగ తాగే బృందం మధ్య నిలబడిన కుర్రవాడికి ఈ హదీసులో ఉపమానమే అక్కరలేదు, అక్షరాలా జరుగుతున్నదే.

కొడుకు జేబులో సిగరెట్టు దొరికిన రోజున ఏమి చేయాలి? చాలా ఇళ్లలో చెంపదెబ్బతో మొదలై అన్నం మాన్పించటంతో ముగుస్తుంది. మర్నాటి నుండి వాడు ఇంకా దూరంగా వెళ్లి తాగుతాడు. హజ్రత్ అనస్ (రజి) సుమారు పదేళ్ల వయసు నుండి పదేళ్లపాటు దైవప్రవక్త (స) ఇంట సేవ చేశారు. అంటే ఆయన టీనేజీ అంతా ఆ ఇంటనే గడిచింది. ఆ పదేళ్లలో ప్రవక్త (స) తనను ఒక్కసారి ‘ఉఫ్’ అని కూడా అనలేదని ఆయనే చెప్పారు. మరొక యువకుడు సభలోకి వచ్చి వ్యభిచారానికి అనుమతి అడిగిన వృత్తాంతం ముస్నద్ అహ్మద్‌లో ఉన్నది. చుట్టూ ఉన్నవారు గద్దించారు. దైవప్రవక్త (స) అతణ్ణి దగ్గరకు పిలిచి కూర్చోబెట్టుకుని, నీ తల్లి విషయంలో ఇది నీకిష్టమా, నీ సోదరి విషయంలో ఇష్టమా అని ఒక్కొక్కటిగా అడిగారు. చివరకు అతని మీద చేయి వేసి అతని కోసం దుఆ చేశారు. మన పిల్లవాడిని కూడా అలాగే అడగవచ్చు. నీ చెల్లెలు ఇది తాగితే నీకిష్టమా? అమ్మ పెదవుల మధ్య దీనిని చూడగలవా? అయితే ఈ ప్రశ్న అడిగే తండ్రి జేబు ఖాళీగా ఉండాలి.

మానటం కష్టమన్నది నిజమే. కాని రమజానులో ఫజర్ నుండి మగ్రిబ్ దాకా పదమూడు, పద్నాలుగు గంటలు ఉండగలిగినవాడికి తన బలమెంతో తెలిసే ఉంటుంది. ఇఫ్తారులో ఖర్జూరం తరువాత పొగ వెతుక్కోకుండా ఉంటే ఆ నెలే మందు. మొదటి మూడు రోజులు చికాకు, తలనొప్పి ఎక్కువగా ఉంటాయి. కోరిక పుట్టినప్పుడు అది కొద్ది నిమిషాలే ఉండి తగ్గుతుంది. ఆ నిమిషాలు గడపటానికి చల్లని నీళ్లతో వుజూ చేయండి, మిస్వాక్ నోట పెట్టుకోండి, గది నుండి బయటకు నడవండి. గదిలో ఉన్న స్నేహితులకు మీ నిర్ణయం ముందే చెప్పండి. ఒంటరిగా కుదరనివారికి ప్రభుత్వం నడుపుతున్న జాతీయ సహాయవాణి 1800-11-2356 ఉన్నది, ఆ ఫోనుకు ఖర్చు లేదు. డాక్టరు సలహాతో వాడే మందులు కూడా ఉన్నాయి. వైద్యం చేయించుకోవటం సున్నతే గనుక సిగ్గుపడనక్కరలేదు.

చివరిగా మమ్మల్ని కలవరపెట్టిన ఒక సంగతి. ఉల్లి హదీసు విన్న ఒక అబ్బాయి, తన నోటి నుండి వాసన వస్తుందని జంకి మస్జిదుకు రావటమే మానేశాడట. నమాజు కూడా మెల్లగా జారిపోయిందట. ఆ హదీసు నమాజును వదలటానికి అనుమతి ఇవ్వలేదు. పొగ తాగినవాడి నమాజు చెల్లదని ఏ ఇమామూ చెప్పలేదు. అటువంటివారు జమాఅత్‌కు గంట ముందు నుండి ఆ వస్తువును ముట్టకుండా, పళ్లు తోముకుని, చొక్కా మార్చుకుని రావాలి. ఏదో ఒక పూట వాసన బొత్తిగా పోకపోతే హాస్టలు గదిలోనే ఇద్దరు ముగ్గురితో కలిసి జమాఅత్ చేసుకోవాలి గాని వేళ దాటనివ్వకూడదు. మస్జిదులో అతని పక్కన నిలబడిన పెద్దలు ముఖం చిట్లించి పంక్తి మారితే, ఇమామ్ సాహెబ్ నమాజు తరువాత ఆ పెద్దలను పక్కకు పిలిచి మాట్లాడాలి.